వేలి మీద చుక్క

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి

ఒరే గురూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "ఓటేయడమంటే పక్కవాడి జేబులో చెయ్యి పెట్టమని ఇంకొకడికి రాసివ్వడమే, లిబర్టేరియన్ అన్నవాడు, అంటే మనిషి బతుకులో సర్కారు జోక్యం వద్దనేవాడు, ఆ పని చెయ్యకూడదు" అన్నావు. బాగానే ఉంది. కానీ మే 13న పోలింగుకి నువ్వు బెంగళూరు నుంచి రాకపోవడానికి కారణం సిద్ధాంతమా, రైల్లో బెర్తు దొరక్కపోవడమా? మీ అమ్మ మాత్రం బెర్తే అంటోంది.

నేను వెళ్లి ఓటేశాను. క్యూలో నా ముందున్న ముసలాయన గుట్టుగా చెప్పాడు: "ఇద్దరి దగ్గరా డబ్బులు తీసుకున్నాను బాబూ. మన దగ్గర గుంజిందే కదా! ఓటు మాత్రం నా ఇష్టం." నీ సిద్ధాంతాన్ని ఆయన ఒక్క పుస్తకమూ చదవకుండానే ఆచరిస్తున్నాడు, ఏటంటావ్?

నువ్వు తెగ మెచ్చుకునే లైసాండర్ స్పూనర్ ఉన్నాడే, 1844లో అమెరికా ప్రభుత్వ తపాలాకి పోటీగా సొంత ఉత్తరాల కంపెనీ పెట్టిన మొండివాడు. ఓటేసినంత మాత్రాన సర్కారుకి ఒప్పుకున్నట్టు కాదని ఆయనే రాశాడు. మనల్ని అడక్కుండానే యుద్ధంలోకి ఈడ్చుకొచ్చారు, చంపకపోతే చస్తాం, అప్పుడు కత్తి పట్టినవాడు యుద్ధం కోరుకున్నట్టా? ఓటూ అంతేనన్నాడు. నేను పన్ను కడుతున్నాను, నా టిఫిన్ షాపుకి లైసెన్సు తీసుకున్నాను. ఇవేవీ నన్నడిగి పెట్టినవి కావు. వాటిని కాస్త తగ్గిస్తాడనుకున్నవాడికి మీట నొక్కితే నేను దొంగలతో కలిసిపోయినట్టా?

మన ఊరి సంగతి మర్చిపోయావు. ఏ వ్యాపారానికైనా సర్కారు అనుమతి కావాలనే లైసెన్సు పర్మిట్ రాజ్యం వద్దని రాజాజీ, రైతు నాయకుడు ఎన్.జి. రంగా వాళ్లు 1959లో స్వతంత్ర పార్టీ పెట్టారు కదా. 1967లో శ్రీకాకుళం పార్లమెంటు సీటు ఆ పార్టీదే. గౌతు లచ్చన్న గెలిచి, రాజీనామా చేసి, రంగా గారికి ఇచ్చాడు. ప్రభుత్వం తక్కువగా ఉండాలన్న పార్టీని మనవాళ్లు ఓటేసే ఢిల్లీకి పంపారు! ఆ రోజుల్లోనే ఏజెన్సీ కొండల్లో నక్సలైట్లు ఎన్నికల్ని బహిష్కరించమన్నారు. భూమి సొంత ఆస్తి అంటే నీకు ప్రాణం, వాళ్లకి మంట. అయినా ఓటు దగ్గరికొచ్చేసరికి నువ్వూ వాళ్లూ ఒకే గట్టు మీద! ఇది తట్టినప్పుడు ఒంటరిగానే నవ్వుకున్నాను.

నోటా, అదే ఎవరూ వద్దనే మీట, నొక్కొచ్చు కదా అంటావేమో. 2013లో సుప్రీంకోర్టు చెబితే వచ్చిందది. దానికి అందరికంటే ఎక్కువ ఓట్లు పడ్డా, అభ్యర్థుల్లో ముందున్నవాడే గెలుస్తాడు. కోపం చల్లారడానికి మజ్జిగ తాగినట్టు.

అయితే పక్కవాడి జేబు అన్న నీ మాట మాత్రం నన్ను వదలడం లేదు. నా కోసం నేను కత్తి పట్టాననుకున్నా, అది తగిలేది ఎదుటివాడికి మాత్రమేనా? నేను ఓటేసిన మనిషి రేపు ఇంకో కొత్త పన్ను వేస్తే, ఓటే వేయని మా వీధి కొబ్బరిబోండాలవాడు కూడా కట్టాలి. వాడికి నేనేం చెప్పను? స్పూనర్ దగ్గర దీనికి నాకు సరిపడా జవాబు దొరకలేదు. నీ దగ్గరుంటే రాయి, వాదించడానికి కాదు, నిజంగానే అడుగుతున్నాను.

గోరు మీద చుక్క సగం దాకా వచ్చింది. షాపుకొచ్చిన పిల్లలు "అంకుల్, గోరు కుళ్లిపోయిందా?" అంటున్నారు. దసరాకైనా రా. బెర్తు ఇప్పుడే చేయించుకో, సిద్ధాంతం మీదకి తొయ్యకు.

నీ
గురువు