లాబ్ లాగిన్ల సంగతి

శ్రీకాకుళం

ఒరే సూరిబాబూ,

ఎలాగున్నావురా? విజయనగరంలో మీ కాలేజీ లాబ్‌లో విండోసూ ఉబుంటూ కలగలిసి ఉన్నాయని, మెషీన్ మెషీన్‌కీ విడిగా ఖాతాలు తెరవలేక చస్తున్నానని రాశావు. ఆ చాకిరీ మానెయ్. సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో ఒక సర్వర్‌ని యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్‌గా పెట్టు, అంటే ఖాతాలన్నీ ఒకచోటే ఉంచి లాబ్ మెషీన్లన్నిటి (అదే డొమైన్) లాగిన్లూ అదే చూసుకుంటుంది. 2012లో నాలుగో వెర్షన్ వచ్చినప్పట్నుంచీ అది ఈ పని చేస్తోంది, లైసెన్సు ఖర్చూ లేదు.

లాగిన్ కాలేదని వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం పాస్‌వర్డువి కావురా, డీఎన్ఎస్‌వీ (మెషీన్ పేరు అడిగితే దాని ఐపీ చెప్పేది) టైమువీ. ముందు అవి కుదుర్చుకో.

సర్వర్‌కి మారని ఐపీ ఇవ్వు. డొమైన్ పేరు చివర 'డాట్ లోకల్' పెట్టకు, ఉబుంటూలో అవాహీ (దగ్గరి మెషీన్లని పేరుతో వెతికే సర్వీసు) ఆ పేర్లకి అడ్డొస్తుంది. మీ కాలేజీ డొమైన్ కింద ఒక సబ్‌డొమైన్ చాలు. సర్వర్‌లో ముందే ఉండే డీఎన్ఎస్ సర్వీసు సిస్టమ్‌డీ రిజాల్వ్‌డ్‌ని ముందే ఆపు, లేకపోతే డీఎన్ఎస్‌కి కావలసిన 53వ పోర్టు సాంబాకి దొరకదు. మెషీన్లన్నిటికీ డీఎన్ఎస్‌గా ఈ సర్వర్ ఒక్కటే ఉండాలి. రెండోదిగా రౌటర్నో 8.8.8.8నో (గూగుల్ డీఎన్ఎస్) పెట్టావంటే ఒక పూట లాగిన్ అవుతుంది, ఒక పూట అవదు. ఎందుకో ఎంత వెతికినా దొరకదు. బయటి పేర్లు ఫార్వర్డర్ (సాంబాలో నువ్విచ్చే బయటి డీఎన్ఎస్) ద్వారా సాంబాయే అడిగి తెస్తుంది.

లాగిన్లని సరిచూసే కెర్బరోస్ అయిదు నిమిషాలకి మించి టైము తేడా ఒప్పుకోదు. మీ సిరిమాను సెలవులయ్యి లాబ్ తెరిచేసరికి, బ్యాటరీ చచ్చిన పాత బోర్డుల్లో గడియారం ఏళ్ల వెనక్కి పోయుంటుంది. పిల్లడు పాస్‌వర్డ్ సరిగ్గానే కొడతాడు, మెషీన్ కాదంటుంది. సీఆర్2032 బిళ్లలు ఓ డజను కొనుంచు. ఉబుంటూల్లో గడియారం సరిచేసే క్రోనీ ఈ సర్వర్ నుంచే టైము తీసుకునేటట్టు పెట్టు.

విండోస్ హోమ్ ఎడిషన్ డొమైన్‌లో చేరదు, ప్రో ఉండాలి. ఉబుంటూలో డొమైన్‌లో చేరడానికి కావలసిన ప్యాకేజీలు రియల్మ్‌డీ, ఎస్ఎస్ఎస్‌డీ, ఏడీసీఎల్ఐ వేసి 'రియల్మ్ జాయిన్' కొట్టు. హోమ్ ఫోల్డర్ దానంతటది పుట్టదు. పామ్ ఆథ్ అప్‌డేట్ కమాండ్ (లాగిన్ సెట్టింగులు మార్చేది) కొట్టి అందులో దానికి టిక్కు పెట్టకపోతే పాస్‌వర్డ్ తీసుకుని కూడా మళ్లీ లాగిన్ తెరకే తోసేస్తుంది.

ఇది మాత్రం మర్చిపోకు. సాంబాలో మనం మార్చకపోతే పాస్‌వర్డ్ 42 రోజులకి చెల్లిపోతుంది. ఖాతాలన్నీ ఒకే రోజు తెరుస్తావు కదా, అన్నీ ఒకేసారి చెల్లిపోతాయి. అది ప్రాక్టికల్స్ రోజైతే? సాంబా టూల్ కమాండ్‌తో పాస్‌వర్డ్ సెట్టింగ్స్‌లో గరిష్ఠ గడువు 0 చేసెయ్. కనీసం 7 అక్షరాలన్న రూలు ఉండనీ.

పాత డెస్క్‌టాప్ ఉంటే రెండో కంట్రోలర్ చెయ్యి, మొదటిది ఆగినా లాబ్ నడుస్తుంది. డీఎన్ఎస్‌లో రెండో చోటు దానికే ఇవ్వు. పిల్లల ఫైళ్లు మాత్రం కంట్రోలర్ మీద పెట్టకు, వేరే మెషీన్ చూడు.

ముందు ఒక విండోస్, ఒక ఉబుంటూ మీద ఆడించు. 'కినిట్' (కెర్బరోస్‌ని లాగిన్ టికెట్ అడిగే కమాండ్) కొడితే టికెట్ రాలేదనుకో, వచ్చిన ఎర్రర్ ఉన్నదున్నట్టు రాసి పంపు.

నీ
గోవిందు