మా కోడిపెట్టను చూసిన డాక్టరమ్మకు కృతజ్ఞతలు

"కోడికి కూడా వైద్యమా?" అని నవ్వని మనిషికి ఈ నాలుగు మాటలు.

మా పెట్ట గుడ్లు మానేసింది. పొట్ట ఉబ్బి, తోక వాలిపోయి, నిటారుగా నిలబడి కష్టంగా అడుగులేస్తోంది. గూట్లో గట్టి ముద్ద ఒకటి కనిపిస్తే టెన్షన్‌తో దాన్నీ పెట్టనీ పట్టుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాం.

ఆవిడ ముందు రెండు అరచేతులూ రుద్దుకుని వేడి చేసుకున్నారు, చల్లటి చేయి తగిలితే అది బెదురుతుందని. తర్వాత తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని, పొట్టను మెల్లగా తడిమారు. ఆ ముద్దను కోసి చూపిస్తే ఉల్లిపాయలా పొరలు పొరలు! గుడ్డు కాదట, అండనాళంలో ఇన్ఫెక్షన్ వచ్చి పేరుకున్న చీము. చాలాసార్లు ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా వల్ల వస్తుందట. "పూర్తిగా నయమవుతుందని మాటివ్వలేను, నొప్పి మాత్రం తగ్గిద్దాం" అన్నారు. ఆ ఉన్నదున్నట్టు చెప్పడమే మాకు సగం ధైర్యం.

మందు గొంతులోకి గబుక్కున పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని, ముక్కు పక్కనుంచి చుక్కచుక్కగా ఎలా వెయ్యాలో నా చెయ్యి పట్టుకుని నేర్పారు. యాంటీబయాటిక్ ఆపాక కూడా ఎప్పటిదాకా గుడ్లు తినకూడదో పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. బయట మనుషులు క్యూలో ఉన్నా ఎక్కడా తొందరపడలేదు.

ఇప్పుడది మేత తింటోంది, పక్క కోడిని పొడుస్తోంది కూడా. గుడ్లు పెట్టకపోయినా పర్లేదు. చాలా థాంక్స్ డాక్టరమ్మా.