మదనపల్లి వాళ్ళు ఫోన్ చేశారా?

మధూ,

ఎలా ఉన్నావు? ఇక్కడ నేనూ మీ నాయనా బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే "అమ్మా, మీటింగ్‌లో ఉన్నా, మళ్ళీ చేస్తా" అంటావు. ఆ మళ్ళీ అనేది ఈ మధ్య రావడమే మానేసింది. అందుకే కాగితం మీద పెడుతున్నా. బాలాజీ మామ కొడుకు శనివారం బెంగుళూరుకి వస్తున్నాడు, వాడి చేతికి ఊరగాయ, చెనక్కాయల పొడి, రాగి పిండి ఇచ్చి పంపుతున్నా. రాగులు కడిగి ఎండబెట్టి మరీ ఆడించాను, పురుగు పట్టకముందే వాడుకో. పోయినసారి పంపిన పొడి అంతా నీ రూమ్మేట్లు ఇడ్లీల్లోకి ఊడ్చేశారని తెలుసు, తిననీలే, వాళ్ళూ ఎవరో ఒక తల్లి కన్న బిడ్డలే. ఊరగాయలో మాత్రం తడి గరిటె పెట్టొద్దు. ఎన్నిసార్లు చెప్పినా పెడతావు.

మదనపల్లి సంబంధం వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారా? ఊరికే అడుగుతున్నా.

ఆడికృత్తిక కదా, మీ నాయనకి తిరుత్తణి మురుగన్ గుడికి బండి బాడుగలు అడుగుతున్నారు. నేను ఒప్పుకోవడం లేదు. ఆ కావళ్ళ జనంలో, ఆ ట్రాఫిక్‌లో బండి నడపడం ఆయన వల్ల కాదు. కాణిపాకం, శ్రీకాళహస్తి, అంతవరకే. కొండ మీదికి ఘాట్ రోడ్డు బాడుగ ఒప్పుకున్నాడని తెలిస్తే ఆ రోజు ఇంట్లో అన్నం ఉండదని చెప్పాను. నవ్వుతాడు. మాత్రలు వేసుకున్నావా అంటే వేసుకున్నా అంటాడు, చూస్తే ఎకోస్ప్రిన్ అట్ట అట్లే ఉంటుంది. నువ్వు ఫోన్ చేసినప్పుడు ఒక మాట గట్టిగా చెప్పు, నీ మాటైతే వింటాడు. ఫోన్ చేస్తే గదా చెప్పేది.

బంగారుపాళెం మామని ఈసారి మామిడి దెబ్బ కొట్టింది. తోతాపురి కాయ ట్రాక్టర్‌కి ఎత్తి ఫ్యాక్టరీ గేటు ముందర రాత్రంతా పడిగాపులు కాశాడు పాపం. కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, దాని మీద ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అన్నారు గదా. మామ ఒక పక్క "ప్రభుత్వం మనకేం చేసింది" అని తిడుతూనే ఇంకో పక్క ఆ 4 రూపాయల కోసం పాసుపుస్తకం, ఆధార్ జిరాక్సులు చంకలో పెట్టుకుని రైతు సేవా కేంద్రం చుట్టూ తిరుగుతున్నాడు. నాకు నవ్వొచ్చింది. తీసుకునేటప్పుడు రెండు చేతులూ చాపుతాం, తీసుకున్నామని చెప్పుకోవడానికి మాత్రం మనకి నోరు రాదు. మామ సంగతి చెప్తున్నాలే, నిన్ను కాదు.

రత్నమ్మత్త మనవడికి పోయిన వారం తలకోనలో పుట్టెంట్రుకలు తీయించారు. నిన్ను అందరూ అడిగారు. భోజనాల దగ్గర పలమనేరు సుజాత నా పక్కనే కూర్చుంది. దాని నోటి సంగతి నీకు తెలుసు గదా. "ఏం వదినా, మీ మధు భలే కొడుకు. నాయనని చెన్నైకి తీసుకుపోయి ఆరు లక్షలు పెట్టి గుండె ఆపరేషన్ చేయించినాడంట గదా, మదనపల్లి వాళ్ళు ఎంత మురిసిపోయినారో" అనింది. చేతిలో వడ చేతిలోనే ఉండిపోయింది నాకు. అవుననలేదు, కాదనలేదు. పాయసం బాగుందని చెప్పి విస్తరి మడిచి లేచొచ్చేశా.

సుజాత చెప్పే దాంట్లో సగం దాని సొంత కల్పన అని నాకూ తెలుసు. అందుకే నిన్ను ఏమీ అడగడం లేదు. ఆ రోజుల్లో నువ్వు ఇక్కడ లేవు గదా, కొన్ని సంగతులు నీకు సరిగ్గా తెలియవేమో అని రాస్తున్నా, అంతే.

2021 దీపావళి అయిన నాలుగైదు రోజులకి తెల్లవారుజామున మీ నాయన లేచి కూర్చున్నాడు. గ్యాస్ అన్నాడు. ఈనో కలిపిచ్చాను. చొక్కా మొత్తం చెమటకి తడిసిపోయి, ఎడమ చెయ్యి పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. ఎదురింటి సరోజ 108కి ఫోన్ చేసింది. ఆ బండ్లు 2005లో కొత్తగా వచ్చినప్పుడు మన వీధిలోకి వస్తే నువ్వు కుయ్ కుయ్ అని అరుచుకుంటూ వెనకే పరిగెత్తేవాడివి, నేను అపశకునమని వీపు మీద ఒకటేసేదాన్ని. ఆ బండిలోనే ఎక్కించారు. తిరుపతి రుయా ఆసుపత్రిలో ఈసీజీ తీసి, ఏదో ఇంజెక్షన్ చేసి, గుండె నాళాల్లో అడ్డు ఉన్నట్టుంది, యాంజియో చేయాలన్నారు. అంతలో బాలాజీ మామ వచ్చి ఇక్కడ వద్దక్కా, ప్రైవేటుకి పోదాం అని ఒకటే పోరు. పోయాం. అక్కడ ముందు లక్షన్నర కడితేనే లోపలికి అన్నారు, మొత్తం మూడున్నర దాకా అవుతుందన్నారు. పేరు రాయనులే, ఇప్పుడెందుకు. లాక్‌డౌన్‌లో గుడి మూసినప్పుడు నిలిచిపోయిన బాడుగలు ఇంకా సరిగ్గా కోలుకోలేదు, బండి కంతులు రెండు బాకీ, నా గొలుసు అప్పటికే బ్యాంకులో ఉంది. లక్షన్నర ఎక్కడి నుంచి తెస్తాం? మీ నాయన స్ట్రెచర్ మీద పడుకునే "ఇంటికి పోదాం పద" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది నాకు.

అక్కడి నుంచి స్విమ్స్‌కి వచ్చాం. మీ తాత ఆ ఆసుపత్రి కట్టేటప్పుడు ఇటుకలు మోశాడు, 1993లో తెరిచినప్పుడు "దేవస్థానం వాళ్ళు మనకే కట్టించినారు" అని ఊరంతా చెప్పుకున్నాడు. మూడు నాళాల్లోనూ అడ్డుంది, బైపాస్ చేయాల్సిందే అన్నారు. ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గరికి పోతే అక్కడ ఇంకో తంటా. బియ్యం కార్డులో మునిరత్నం అని ఉంది, ఆధార్‌లో మునిరత్నం నాయుడు అని ఉంది, పుట్టిన ఏడు కూడా కలవడం లేదు. నాకు ఏడుపొచ్చేసింది. ఆరోగ్యమిత్ర అని ఒక పిల్ల ఉండేది, నీ ఈడుదే, మెడలో ట్యాగు, పక్కన టిఫిన్ బాక్సు మూత కూడా తీయకుండా పెట్టుకుని ఉంది. "ఏడవొద్దు ఆంటీ, ఇట్లాంటివి రోజూ వస్తాయి" అని సచివాలయంలో ఏ కాగితం అడగాలో ఒక చీటీ మీద రాసిచ్చింది. మన వార్డు వాలంటీర్ పిల్లోడు అదే రోజు సాయంత్రం ఆ కాగితం వాట్సాప్‌లో పంపించాడు. ఆ తర్వాత అప్రూవల్ వచ్చిందా, వచ్చిందా అని ఆ కౌంటర్ చుట్టూ గుడి చుట్టూ తిరిగినట్టు తిరిగాను. ఆ పిల్ల దూరం నుంచే బొటనవేలు పైకెత్తి చూపించింది. వచ్చేసిందన్నమాట.

రక్తం కావాలన్నారు. స్టాండులో డ్రైవర్లంతా కలిసి వచ్చారు. మన కిట్టప్ప కూడా, వాడి సంగతి నీకు తెలుసు, సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి, ఇచ్చి పడిపోయాడు, వాడికే గ్లూకోజు నీళ్ళు తాగించాల్సొచ్చింది.

ఆపరేషన్ అయిన మరునాడే వాన మొదలైంది. అది వాన కాదు. కొండ మీది నీళ్ళన్నీ ఊళ్ళోకి వచ్చేశాయి, కపిలతీర్థం దగ్గర జలపాతం చూస్తే భయమేసింది, ఘాట్ రోడ్లు మూసేశారు, రైల్వే అండర్ బ్రిడ్జిలు నిండిపోయాయి. రాయలచెరువు తెగుతుందని చెరువు కింద ఊళ్ళు ఖాళీ చేయించారు, మా అన్న పిల్లల్ని ట్రాక్టర్‌లో ఎక్కించుకుని బంధువుల ఇంటికి పోయాడు, ఇంక నాకు తోడెవరు వస్తారు? ఆ నాలుగు రోజులూ నేను ఆసుపత్రి వరండాలో చాప వేసుకుని ఉన్నాను. మీ నాయనకి భోజనం ఆసుపత్రిదే. నాకు పక్క బెడ్డు పీలేరు ఆమె సద్ది పెట్టేది. మీ నాయన ఐసీయూ నుంచి వార్డుకి వచ్చాక ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు, మూడు బాల్స్ ఉంటాయి, గొట్టంతో గాలి పీలిస్తే లేస్తాయి. మొదటి రోజు ఒక్క బాలు కూడా కదల్లేదు. దగ్గొస్తే దిండు గుండెకి హత్తుకుని దగ్గమన్నారు. కాలి నరం తీసి గుండెకి వేశారు గదా, పిక్క మీద పైనుంచి కిందికి కుట్లు, దూది అంటుకుని ఊడేది కాదు, నేనే నీళ్ళతో నానబెట్టి తీసేదాన్ని. మూడో బాలు లేచిన రోజు వార్డులో అందరికీ బిస్కెట్లు పంచాడు, ఆయన జేబులో మిగిలిన డబ్బులతో.

ఇంటికొచ్చాక రోజుకి 225 లెక్కన, నెలకి 5000 దాటకుండా, ఆసరా అని బ్యాంకులో వేశారు. ఆపరేషన్ చేసి వదిలేయకుండా, పని లేని రోజులకి తిండి కూడా ఆలోచించినోడు ఎవడో గానీ వాడి పిల్లలు సల్లగుండాల. ఆసుపత్రిలో ఎవరైనా డబ్బులు అడిగారా అని ఫోన్ కూడా చేసి కనుక్కున్నారు.

ఇక నువ్వు. అప్పుడు ట్రైనింగ్‌లో ఉన్నావు, లీవు పెడితే తీసేస్తారని నేనే రావద్దన్నాను. జీతం పడిన రోజే 15 వేలు వేశావు, నీ దగ్గర రెండు వేలు పెట్టుకుని. ఆ నెలంతా నువ్వు ఏం తిన్నావో నాకు చెప్పలేదు, నీ రూమ్మేట్ చెప్పాడు, రాత్రిళ్ళు బ్రెడ్డేనంట. బయట కొన్న మందులు, ఆటోలు, నా తిండి, అన్నీ ఆ డబ్బులే. అది తక్కువా? ఆరు లక్షలు అని చెప్పుకోవాల్సిన అవసరం ఏముంది, ఆ 15 వేలు చెప్పు, మదనపల్లి వాళ్ళకి నిజంగా ఇంగితం ఉంటే దానికే నిన్ను మెచ్చుకుంటారు. నేను నిన్ను అనడం లేదు, సుజాత చెప్పింది నిజమైతే అంటున్నా.

ప్రభుత్వం డబ్బుతో బతికాం అంటే నామోషీ అనుకుంటారు కొందరు. సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు జీతం చీటీ చూపించి, ఇంత పన్ను కోసేశారు, ఎవరెవరికో ఊరికే పంచేస్తున్నారు అని విసుక్కున్నావు. నేను గారెలు వేస్తున్నా అప్పుడు, ఏమీ అనలేదు. ఆ ఎవరెవరిలో మీ నాయన కూడా ఉన్నాడు నాయనా. ఎవడో ముక్కూ మొహం తెలియనోడు, విశాఖపట్నంలోనో గుంటూరులోనో, నీలాగే చీటీ చూసి విసుక్కున్నోడి డబ్బు కూడా మీ నాయన గుండెలో ఉంది. ఇప్పుడు నీ వంతు. కట్టు, తిట్టుకుంటూ అయినా కట్టు.

మీ నాయనా బాలాజీ మామా దీని మీద కూడా కొట్లాడుకుంటారు, అది మా పార్టీ పథకం అంటే మా పార్టీదని. 2007లో రాజశేఖరరెడ్డి మొదలుపెట్టినప్పుడు రాజీవ్ ఆరోగ్యశ్రీ, తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ, మీ నాయన ఆపరేషన్ నాటికి వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ వైద్య సేవ. బోర్డులు రాసే పెయింటర్ బాగుపడ్డాడు. మాలాంటోళ్ళందరం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటాం. ఎవరు పెట్టినా, ఎవరు కొనసాగించినా అందరికీ దండం పెడతాను, నాకు అందులో పార్టీ లేదు. ఓటు ఎవరికేస్తానో అది వేరే సంగతి, మీ నాయనకి కూడా చెప్పను.

నువ్వు బ్లడ్ ఇవ్వడం మొదలుపెట్టావా లేదా? ఆఫీసులో క్యాంపు పెట్టారని చెప్పావు గదా. ఇవ్వు. ఇచ్చే ముందు కడుపు నిండా తిను, కిట్టప్పలాగా పడిపోతావు. రాత్రి రెండింటి దాకా ల్యాప్‌టాప్ ముందర కూర్చోవద్దు, మన ఇంట్లో గుండె జబ్బు ఉందని డాక్టర్ నీ సంగతి కూడా అడిగాడు, ముప్పై దాటగానే పరీక్షలు చేయించుకోమన్నాడు. ముప్పై దాకా ఎందుకు, ఇప్పుడే చేయించుకో. ఆ బయటి బిర్యానీలు తగ్గించు. లెక్చర్ ఇవ్వకూడదనే మొదలుపెట్టా, ఏం చేసేది, నువ్వు ఎదురుగా లేవు ఆపడానికి.

వచ్చే నెల మొదటి వారంలో మీ నాయనకి చెకప్, ఎకో తీస్తారంట. ఓపీ క్యూలో నా మోకాళ్ళు నిలబడనివ్వవు, లీవు పెట్టుకుని రా. ఆ ఆదివారం మదనపల్లి వాళ్ళని కూడా భోజనానికి రమ్మను, వాళ్ళు మన ఇల్లు చూసినట్టూ ఉంటుంది. నువ్వేం చెప్పనక్కర్లేదులే. మీ నాయనకి ఆ ఆపరేషన్ కథ కొత్తవాళ్ళకి చెప్పకపోతే నిద్ర పట్టదు, చొక్కా గుండీలు విప్పి కుట్లు కూడా చూపిస్తాడు, స్విమ్స్‌లో ఏ వార్డో, ఏ బెడ్డో అన్నీ చెప్తాడు. అందుకని వాళ్ళు వచ్చేలోపు నువ్వే ఒకసారి ఫోన్‌లో మాట్లాడుకుంటే మంచిదని నాకు అనిపిస్తోంది. వాళ్ళు సంగటి తింటారా, అన్నమే వండాలా, అది కూడా కనుక్కో. నాటుకోడి ముందే చెప్పి పెట్టాలి.

మీ అమ్మ