108కి ఫోన్ చేయలేని వాళ్ల సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఆపద వస్తే 108కి, 112కి ఫోన్ చేయమని ఊరూరా రాసి పెట్టారు. మంచిదే. కానీ ఫోన్ చేయడమంటే మాట్లాడాలి, అవతలివాళ్లు అడిగింది వినాలి. ఆ రెండూ చేయలేని మనిషి కళ్ల ముందు ఇంట్లోవాళ్లు కుప్పకూలిపోతే ఏం చేయాలి? మా అబ్బాయికీ కోడలికీ పుట్టుకతోనే వినపడదు. ఉద్యోగాలు చేసుకుంటూ విజయవాడలో కాపురం ఉంటున్నారు. నేను తెనాలిలో ఉంటాను. మనవడికి జ్వరం వచ్చినా, గ్యాస్ బండ రాకపోయినా ముందు నాకు వీడియో కాల్ చేసి సైగలతో చెబుతారు. నేను డాక్టరుగారికో, గ్యాస్ ఏజెన్సీకో ఫోన్ చేసి మాట్లాడి, వాళ్లు చెప్పింది మళ్లీ సైగల్లో వీళ్లకు చెబుతాను. ఇన్నేళ్లుగా వాళ్ల టెలిఫోన్ నేనే. నేను చేస్తున్న ఈ పనిని టెలిఫోన్ సేవలో భాగంగా, రాత్రీ పగలూ, తెలుగు తెలిసిన మనుషులతో నడపాలని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇదేమీ కొత్త ఊహ కాదు. టెలిఫోన్‌కు 1876లో పేటెంట్ పొందిన గ్రాహంబెల్ తల్లికి వినికిడి లేదు, ఆయన భార్యకూ లేదు. అయినా ఆ యంత్రం వచ్చాక దాదాపు వందేళ్లు వినపడనివాళ్లు దానికి బయటే ఉండిపోయారు. 1960ల్లో అమెరికాలో వైట్‌బ్రెక్ట్ అనే శాస్త్రవేత్త, తనకూ వినపడదు, టైపు చేసిన అక్షరాలు మామూలు ఫోన్ లైన్ మీద వెళ్లే పరికరం తయారుచేశాడు. తర్వాత రిలే సేవలు వచ్చాయి. మధ్యలో ఒక ఆపరేటర్ కూర్చుని, ఒకరు టైపు చేసింది ఇంకొకరికి చదివి వినిపిస్తారు, వాళ్లు అన్నది తిరిగి టైపు చేసి పంపుతారు. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం ఈ సేవను టెలిఫోన్ కంపెనీల బాధ్యత చేసింది. 1993 నుంచి దేశమంతటా 24 గంటలూ నడుస్తోంది. 711 నొక్కితే చాలు. ఆ తర్వాత వీడియో రిలే వచ్చింది. వినపడని వ్యక్తి తెర మీద కనిపించే అనువాదకుడికి సైగలతో చెబితే, ఆయన బ్యాంకుకో ఆసుపత్రికో ఫోన్ చేసి మాట్లాడతాడు. బ్రిటన్‌లో 2022 నుంచి 999 అత్యవసర సేవకు కూడా ఇలాగే సైగల భాషలో వీడియో కాల్ చేయవచ్చు.

మన దగ్గర ఎలా ఉందో ఒక్క సంగతి చెబుతాను. ఆ మధ్య మా వాడి ఏటీఎం కార్డు బ్లాక్ అయింది. కస్టమర్ కేర్‌కు నేను ఫోన్ చేశాను. వాడు నా పక్కనే కూర్చున్నాడు. పుట్టిన తేదీ, ఆధార్ చివరి నాలుగు అంకెలు అన్నీ చెప్పాక ఆ అమ్మాయి, "అకౌంట్ హోల్డర్‌తో మాట్లాడించండి మేడమ్" అంది. వాడికి వినపడదు, మాట్లాడలేడు అన్నాను. "ఓకే మేడమ్, ఒక్కసారి ఆయన్ని లైన్‌లోకి వచ్చి అవునని చెప్పమనండి, చాలు" అంది. మళ్లీ చెప్పాను. హోల్డ్‌లో పెట్టి, పైవాళ్లను అడిగొచ్చి, బ్రాంచికి వెళ్లమంది. ఆ అమ్మాయిది తప్పని నేను అనను. ఆమె ముందున్న తెర మీద అలాంటి ఖాతాదారుడికి గడే లేదు. మా వాడు మాత్రం నా ముఖం చూసి, "పని అయిందా?" అని సైగ చేశాడు. మర్నాడు సెలవు పెట్టి బ్రాంచికి వెళ్లాడు.

ఈ కాలంలో అందరికీ వాట్సాప్ ఉంది కదా, మెసేజ్ పెట్టొచ్చుగా అని చాలామంది అంటారు. పెట్టొచ్చు, పెడుతున్నారు కూడా. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్ సేవ మా వాళ్లకు నిజంగా ఉపయోగపడుతోంది. ఎవరితోనూ మాట్లాడకుండా పని అవుతుంది. కానీ పుట్టుకతో వినపడని చాలామందికి సైగలే మొదటి భాష. తెలుగును వాళ్లు చెవితో నేర్చుకోలేదు, బడిలో అక్షరాలు చూసి నేర్చుకున్నారు. బడిలోనూ సైగలు వచ్చిన టీచర్లు తక్కువ. మా కోడలు ఎంత తెలివైనదో నాకు తెలుసు. అయినా కంగారులో ఆమె పెట్టే మెసేజ్, "బాబు రాత్రి జ్వరం మందు వాంతి ఇప్పుడు" అని ఉంటుంది. మందు వేశాక వాంతి అయిందా, వాంతి అయ్యాక మందు వేసిందా? డాక్టరుగారికి ఆ తేడా కావాలి. వీడియోలో చేతులు కదిపి చెబితే నాకు క్షణంలో తెలిసిపోతుంది. టైపు చేసే దారి ఉండాలి, సైగలతో చెప్పుకునే దారి కూడా ఉండాలి.

అత్యవసర నంబర్ల విషయంలో ఈ ఆలస్యం ప్రాణాల మీదకు తెస్తుంది. 2017 నుంచి దేశంలో అమ్మే ప్రతి మొబైల్‌లో ఆపద బటన్ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. కీప్యాడ్ ఫోన్లో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకోవాలి, స్మార్ట్‌ఫోన్లో పవర్ బటన్ మూడుసార్లు నొక్కాలి. నొక్కితే వెళ్లేది మళ్లీ ఫోన్ కాలే! అవతల నుంచి "చెప్పండి, ఏమైంది?" అంటారు. ఇవతల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని పొరపాటున వచ్చిన కాల్ అనుకుంటే ఆ ఇంట్లో వాళ్లకు దిక్కెవరు? 112కి యాప్ ఉంది, మెసేజ్ పంపే ఏర్పాటు కూడా ఉందంటారు. కానీ మాకు తెలిసిన బధిరుల కుటుంబాల్లో ఆ సంగతి తెలిసినవాళ్లు నాకు కనిపించలేదు. వాళ్లకు అర్థమయ్యేలా సైగల భాషలో చెప్పినవాళ్లూ లేరు.

డబ్బు లేదనే మాట ఇక్కడ చెల్లదు. టెలికాం కంపెనీల ఆదాయం నుంచి 5 శాతం ఎన్నో ఏళ్లుగా ఒక నిధికి వెళుతోంది. మారుమూలలకు, వెనకబడినవాళ్లకు ఫోన్ సౌకర్యం అందించడానికే ఆ నిధి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంతో దానికి డిజిటల్ భారత్ నిధి అని పేరు పెట్టారు. సిగ్నల్ లేని కొండ మీద తండాకు టవర్ వేయడానికి ఆ డబ్బు వాడటం న్యాయమే. నగరం నడిబొడ్డున ఉండి, ఫోన్ నిండా సిగ్నల్ ఉండి కూడా ఒక్క కాల్ చేసుకోలేని మనిషికీ అందులో వాటా ఉంది.

చట్టం కూడా మా పక్షానే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సమాచార సాధనాలన్నీ అందరూ వాడుకునేలా ఉండాలంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 జులైలో దీని మీద సిఫార్సులు ఇచ్చింది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, దివ్యాంగులు కూడా వాడుకోగలిగేలా పెట్టిన సౌలభ్య ప్రమాణాలు ఉత్త సూచనలుగా మిగలకూడదని, తప్పనిసరి నిబంధనలు చేయమని కేంద్రానికి చెప్పింది. 2025 ఏప్రిల్‌ 30న డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమంటూ ఇంకో తీర్పు ఇచ్చింది. చూపు లేనివాళ్లు, యాసిడ్ దాడి బాధితులు కేవైసీలో, అంటే ఖాతాదారుడి గుర్తింపు తనిఖీలో, కన్ను ఆర్పి చూపించలేక పడుతున్న అవస్థ మీద వచ్చిన తీర్పు అది.

చూపు లేనివాళ్ల బాధ ఇంకో రకం. ఫోన్లో టాక్‌బ్యాక్ ఉంటుంది, తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంది. కానీ యాప్ తయారుచేసినవాళ్లు బటన్లకు పేర్లు పెట్టకపోతే అది "బటన్, బటన్" అని ఊరుకుంటుంది. డబ్బు పంపేది ఏదో, వెనక్కి వెళ్లేది ఏదో తెలియదు. ఇది సరిచేయడానికి నిధులూ అక్కర్లేదు, అనువాదకులూ అక్కర్లేదు. యాప్ చేసేవాళ్లు మనసు పెడితే చాలు.

రిలే సేవకు మాత్రం మనుషులు కావాలి. అసలు కష్టం అక్కడే ఉంది. సైగల భాష కోసం కేంద్రం 2015లో ఢిల్లీలో ఒక జాతీయ సంస్థ పెట్టింది. వినికిడి, మాట లోపాలున్నవాళ్ల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం మన సికింద్రాబాద్‌లోనే ఉంది. కానీ ఢిల్లీ అనువాదకుడు మా వాడి సైగలు అర్థం చేసుకున్నా, గుంటూరు ఆసుపత్రి కౌంటర్‌లో ఉన్న మనిషితో తెలుగులో మాట్లాడలేడు కదా. 2011 జనాభా లెక్కల్లోనే వినికిడి లోపం ఉన్నవాళ్లు దేశంలో 50 లక్షల పైచిలుకు. రెండు రాష్ట్రాలూ కలిసి తెలుగు అనువాదకులకు శిక్షణ ఇచ్చి, నెల జీతం మీద ఉద్యోగాలు ఇవ్వాలి. బధిర తల్లిదండ్రులకు పుట్టి, మాటలకన్నా ముందు సైగలు నేర్చిన పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లను ముందు పిలవండి. బధిరులకు ప్రభుత్వం టచ్ ఫోన్లు ఇస్తోంది, సంతోషం. ఆ ఫోన్ చేస్తే ఎత్తి సైగలు చూసే మనిషిని కూడా ఇవ్వాలి.

సెప్టెంబర్ 23 అంతర్జాతీయ సైగల భాషల దినం. ఈసారి ఆ రోజుకల్లా కనీసం 108, 112 కేంద్రాల్లో ప్రతి షిఫ్టుకూ ఒక సైగల అనువాదకుడిని కూర్చోబెట్టి, వీడియో కాల్ నంబర్ ఒకటి ప్రకటించమని రెండు ప్రభుత్వాలనూ వేడుకుంటున్నాను. ప్రకటించే ముందు ఆ నంబర్‌కు బధిరుల చేతనే కాల్ చేయించి, అంబులెన్స్ ఇంటికి వస్తుందో లేదో చూడండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి