మా తమ్ముడి కోసం వచ్చినవాళ్లకు, నా కోసం ఆగినవాళ్లకు

అందరికీ నమస్కారం. మాకు సాయం చేసినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పే ఈ పోస్టు మా తమ్ముణ్ని అడిగే రాస్తున్నాను. "రాయక్కా, పేరు మాత్రం పెట్టకు" అన్నాడు. మాకు సాయం చేసినవాళ్లలో చాలామందిదీ అదే మాట. అందుకే ఇందులో ఎవరి పేరూ ఉండదు. చదివితే ఎవరికి వాళ్లకు తెలిసిపోతుంది.

తమ్ముడు మందు ముట్టక నిన్నటికి 11 నెలలు. అంతకుముందు ఒకసారి 4 నెలలు మానేసి మళ్లీ తాగాడు. ఆ 4 నెలల్ని వాడు లెక్కలో కలపడు. నేను కలుపుతాను.

ఇంట్లో ఇంత జరుగుతోందని మీలో చాలామందికి తెలియదు. తెలియకుండా చూసుకున్నది నేనే. వాడు లేవలేని రోజు ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని చెప్పేదాన్ని. ఎవరైనా వాడి గురించి అడిగితే ఊళ్లో లేడనేదాన్ని. అప్పులు తీర్చాను, నెల తిరక్కముందే కొత్తవి చేశాడు. అదంతా ప్రేమతోనే చేశాను, కాదనను. కానీ ప్రతిసారీ నేనే సర్దేస్తుంటే, ఏదో తప్పు జరుగుతోందని వాడికి తెలిసేదెలా?

ముందుగా ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకు. తమ్ముణ్ని రెండు రోజులు గదిలో పెట్టి గడియ వేస్తే తాగుడు దానంతటదే పోతుందన్న ఆలోచన నాది. మొదటిరోజు సాయంత్రానికే చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు. మందు కోసం నాటకమనుకున్నాను. రెండో రోజు రాత్రి ఫిట్స్ వస్తే ఆస్పత్రికి తీసుకెళ్లాం.

ఆమె ఒక్కమాట కూడా అనలేదు. పని తెమిలాక వచ్చి పక్కన కూర్చుని చెప్పారు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్ల మెదడు మందుకు అలవాటు పడిపోయి ఉంటుందట. ఒక్కసారిగా ఆపితే అది అదుపు తప్పుతుంది. చివరిసారి తాగిన 6 నుంచి 12 గంటల్లో వణుకు మొదలవుతుంది. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. కొందరికి రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనిపిస్తాయి, ప్రాణం మీదికీ రావచ్చు. అందరికీ ఇలా కాదు, కానీ ఎవరికవుతుందో ఇంట్లోవాళ్లు ముందుగా చెప్పలేరు. మానడం కూడా డాక్టరు దగ్గరే మొదలవ్వాలని నాకు అప్పుడే తెలిసింది. గ్లూకోజ్ కంటే ముందు బి1 విటమిన్ ఇంజెక్షన్ ఎందుకని అడిగితే దానికీ ఓపిగ్గా జవాబిచ్చారు. ఎక్కువగా తాగేవాళ్లలో అది తగ్గిపోయి ఉంటుందట, అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు ప్రమాదమట. అమ్మా, ఆ రాత్రి మీరు నన్ను తిట్టి ఉంటే, మళ్లీ ఆస్పత్రి గడప తొక్కేదాన్ని కాదేమో.

ఇక తాగేవాళ్ల కుటుంబాల కోసం జరిగే మా మీటింగ్‌లో పెద్దావిడకు. మొదటిరోజు ఆవిడ నన్ను "రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు?" అని అడిగారు. "రెండింటికి పడుకున్నాడండీ, మధ్యలో ఒకసారి లేచాడు" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "నేనడిగింది నీ నిద్ర గురించమ్మా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం 1951లో అమెరికాలో ఇద్దరు ఆడవాళ్లు మొదలుపెట్టిన అల్-అనాన్ పద్ధతిలోనే మా మీటింగ్ నడుస్తుంది. ఆ ఇద్దరి భర్తలూ తాగుడు మానినవాళ్లే. అక్కడ ఒక మాట తరచూ వినిపిస్తుంది: ఈ జబ్బు నీవల్ల రాలేదు, నీ అదుపులో ఉండదు, నువ్వు నయం చేయలేవు. మొదటి రెండూ విన్నప్పుడు ఏడుపొచ్చింది. మూడోదానికి కోపమొచ్చింది. నయం చేయలేకపోతే నేనిక్కడికి ఎందుకొచ్చినట్టు? మూడు వారాలు వెళ్లలేదు. నాలుగో వారం వెళ్తే, ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు.

ఆవిడ గట్టిగా మాట్లాడింది ఒక్కసారే. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రలు పొడిచేసి వాడికి తెలియకుండా కలిపి ఇద్దామనుకుంటున్నానని చెప్పిన రోజు. ఆ మాత్రలు వేసుకుంటూ తాగితే బీపీ పడిపోవచ్చు, గుండెకూ ప్రమాదం. అది వాడికి తెలిసి, వాడు ఒప్పుకుని, డాక్టరు చూస్తూ ఇవ్వాల్సింది. పంతం పట్టకుండా వినడం నా జీవితంలో అదే మొదటిసారి అనుకుంటా.

వాడు మళ్లీ తాగిన రాత్రి, ఫోన్ చేసిన అరగంటలో వచ్చిన అన్నయ్యకు. మీరూ ఒకప్పుడు తాగినవారే కాబట్టి వాడు మీకు తలుపు తీశాడు, నాకు తీయలేదు. ఉపదేశమేమీ చేయకుండా ఏఏ, అంటే తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్, పుట్టిన కథ చెప్పారు. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో, మానేసి కొన్ని నెలలే అయిన బిల్ విల్సన్‌కు మళ్లీ తాగాలనిపిస్తే, తాగుడుతో బాధపడే మరో మనిషితో మాట్లాడాలని వెతుక్కున్నాడు. దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్. పావుగంట కంటే ఎక్కువ ఉండనని వచ్చిన డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు. ఆయన కూడా మానేసిన కొన్ని వారాలకే మళ్లీ తాగాడు. ఏఏ తన పుట్టినరోజుగా లెక్కించే జూన్ 10, ఆయన ఆఖరిసారి తాగిన రోజు. గోడకు ఆనుకుని వింటున్న నాకు, లోపల్నుంచి తమ్ముడి గొంతు వినిపించింది: "అయితే నాది కూడా ఇవాళే రాసుకో అన్నా."

మీటింగ్‌కు వెళ్లిన రోజుల్లో అమ్మకు తోడుగా ఉన్న పక్కింటి అత్తయ్యకు, వాణ్ని కలవాలంటే మందు లేనిచోటే కలిసే ముగ్గురు స్నేహితులకు, మాట్లాడటం మానేసిన చుట్టాల్లో మళ్లీ మొదట ఫోన్ చేసిన బాబాయికి కృతజ్ఞతలు. మాట్లాడనివాళ్ల మీద కోపం పూర్తిగా పోలేదు, అదీ నిజమే.

చివరగా తమ్ముడి ఆఫీసులో సార్‌కు. చికిత్స అయ్యేదాకా ఉద్యోగం అలాగే ఉంచారు, వచ్చాక అందరిలాగే చూశారు. సార్, నేను ఫోన్‌లో చెప్పిన జ్వరాల్లో ఒక్కటీ నిజం కాదు, క్షమించండి. ఆ సంగతి మీకు రెండో జ్వరానికే తెలిసిపోయిందని తమ్ముడు మొన్న చెప్పాడు.