మన సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది పండగలు, రాకెట్ ఇంజనీర్ల కాగితాలు

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ, దీపావళి అన్నీ బాగా జరిగాయి, పిల్లల తెలుగు క్లాసులు ఆగకుండా నడిచాయి, జమాఖర్చులు ట్రెజరర్ గారు విడిగా పంపిస్తున్నారు కాబట్టి వాటి గురించి ఇక్కడ ఎక్కువ రాయట్లేదు. వంటల కమిటీకి, ప్రతి ఫంక్షన్‌కీ కుర్చీలు మోసిన కుర్రాళ్ళకి మనస్ఫూర్తిగా థాంక్స్. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు కొత్తగా మొదలెట్టిన ఒక్క పనికే ఇస్తున్నాను. తెలుగు సంఘానికి పాత ఇంజనీర్ల కాగితాలతో ఏం పని అని జనరల్ బాడీ మీటింగ్‌లోనే కొందరు అడిగారు, అడగాల్సిన ప్రశ్నే అది, అందుకే వివరంగా చెప్తున్నా.

మనం ఉంటున్నది అమెరికాలో అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్‌లో. 1950లో జర్మనీ నుంచి వచ్చిన రాకెట్ ఇంజనీర్ వాన్ బ్రౌన్ టీమ్ టెక్సస్ నుంచి ఇక్కడికి వచ్చేదాకా ఇది పత్తి మిల్లుల ఊరు. 1960 జులై 1న నాసా మార్షల్ సెంటర్ మొదలైంది, చంద్రుడి మీదకి మనుషుల్ని పంపిన శాటర్న్ ఫైవ్ రాకెట్ ఇక్కడే రూపుదిద్దుకుంది. మన సభ్యుల్లో చాలామంది మార్షల్‌లోనో, ఆర్మీ వాళ్ళ రెడ్‌స్టోన్ ఆర్సెనల్‌లోనో, వాళ్ళ కాంట్రాక్టర్ల దగ్గరో పనిచేస్తున్నారు, కొందరు రిటైర్ కూడా అయ్యారు. ఈ ఊళ్ళో ఒక పెద్ద ఇంజనీర్ పోయాక పిల్లలు వేరే రాష్ట్రం నుంచి వచ్చి వారం రోజుల్లో ఇల్లు ఖాళీ చేసి ఎస్టేట్ సేల్ పెట్టేస్తారు, సోఫాలు, గిన్నెలు అమ్ముడుపోతాయి, గరాజ్‌లో ఉన్న కాగితాల డబ్బాలు మాత్రం చెత్తబండి ఎక్కుతాయి. మన సభ్యురాలు ఒకావిడ అలాంటి సేల్‌లో ఒక అట్టపెట్టె చూసి, అందులో చేత్తో రాసిన లెక్కల నోట్‌బుక్కులు ఉన్నాయని ఆ ఇంటివాళ్ళతో మాట్లాడి, వాళ్ళు దాన్ని ఆర్కైవ్ (పాత కాగితాలు భద్రంగా దాచే చోటు) వాళ్ళకి ఇచ్చేలా ఒప్పించారు. అక్కడి నుంచి మొదలైంది ఈ కాగితాల కమిటీ.

ముందు మనవాళ్ళం కలిసి యూనివర్సిటీ ఆఫ్ అలబామా ఇన్ హంట్స్‌విల్‌లో ఉన్న సామన్ (Salmon) లైబ్రరీకి వెళ్ళాం. అక్కడ శాటర్న్ ఫైవ్ కలెక్షన్ అని ఒకటి ఉంది, 1960లలో నాసా డబ్బుతో యూనివర్సిటీ వాళ్ళు శాటర్న్ చరిత్ర రాయించడానికి పోగేసిన రిపోర్టులు, మెమోలు, ఇంటర్వ్యూలు. విల్లీ లే అనే రాకెట్ రచయిత 1969 జూన్‌లో, చంద్రుడి మీద కాలు పెట్టడానికి నెల కూడా లేని టైమ్‌లో చనిపోయారు, ఆయన సొంత లైబ్రరీ కూడా అక్కడికే చేరింది.

తర్వాత నెలల్లో పెట్టుకున్న ఆదివారం చర్చల్లో అందరికీ బాగా నచ్చింది వాన్ బ్రౌన్ గారి వీక్లీ నోట్స్. మార్షల్‌లో తన కింద రెండు మెట్లు దిగువన ఉన్న సుమారు పాతికమంది మేనేజర్లని వారానికి ఒక్క పేజీ రాసి పంపమన్నారాయన, ఫారమ్ లేదు, పెద్ద ఫార్మాట్ లేదు, ఆ వారం ఏం జరిగింది, ఏం ఆగిపోయింది అంతే. సోమవారానికల్లా ఆయన టేబుల్ మీద ఉండాలి. ఆయన అన్నీ చదివి మార్జిన్‌లో చేత్తో కామెంట్లు రాసి, మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకుని, ప్రశ్నించాల్సిన చోట ప్రశ్నించి, మొత్తం కట్ట కాపీలు తీయించి అందరికీ తిరిగి పంపేవారు. అంటే ఇంజిన్ వాళ్ళ తలనొప్పి గైడెన్స్ వాళ్ళకి తెలుస్తుంది, వాళ్ళకి బాస్ ఏమన్నాడో కూడా తెలుస్తుంది. 1967లో ఫిలిప్ టాంప్కిన్స్ అనే ప్రొఫెసర్ ఇక్కడికొచ్చి ఈ పద్ధతిని స్టడీ చేసినప్పుడు ఇంకో సంగతి బయటపడింది, ఆ ఒక్క పేజీ రాయడానికి చాలామంది మేనేజర్లు తమ కిందవాళ్ళ దగ్గర శుక్రవారం రిపోర్టులు తెప్పించుకునేవారట. ఒక్క పేజీ కోసం సెంటర్ మొత్తం వారం వారం తనని తాను చూసుకునేది అన్నమాట. ఇలాంటివి ఏ ఫైనల్ రిపోర్ట్‌లోనూ దొరకవు, ఆ మార్జిన్లు మిగిలాయి కాబట్టి, ఒకరు వచ్చి అడిగారు కాబట్టి తెలిసింది.

రెండో చర్చ జాన్ హౌబోల్ట్ ఉత్తరం మీద. నాసా లాంగ్లీ సెంటర్‌లో పనిచేసే ఈ ఇంజనీర్ 1961 నవంబర్ 15న పై అధికారులందరినీ దాటేసి నేరుగా నాసా పెద్దల్లో ఒకరైన రాబర్ట్ సీమన్స్‌కి తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు, నాది అరణ్యరోదనే అన్నట్టు మొదలుపెట్టి, చంద్రుడి చుట్టూ కక్ష్యలో పెద్ద నౌకని ఉంచి చిన్న నౌకతో కిందకి దిగడమే దారి అని వాదించారు. మార్షల్ వాళ్ళు మొదట్లో వేరే పద్ధతి వైపు ఉన్నారు, 1962 జూన్ 7న వాన్ బ్రౌన్ తన వాళ్ళంతా ఉన్న మీటింగ్‌లోనే హౌబోల్ట్ దారికి ఓటేశారు. ఉద్యోగం రిస్క్‌లో పెట్టి రాసిన ఉత్తరం అది. హౌబోల్ట్ కాగితాలు ఇప్పుడు ఆయన చదువుకున్న ఇల్లినాయి యూనివర్సిటీ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అలాగే నాసా అడ్మినిస్ట్రేటర్ జేమ్స్ వెబ్ కాగితాలు మిస్సోరీలో ట్రూమన్ లైబ్రరీలో (ఆయన అంతకుముందు ట్రూమన్ దగ్గర బడ్జెట్ డైరెక్టర్), ఆయన తర్వాత అడ్మినిస్ట్రేటర్ అయిన థామస్ పేన్‌వి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో, ఫ్లైట్ డైరెక్టర్ క్రిస్ క్రాఫ్ట్‌వి వర్జీనియా టెక్‌లో, నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్‌వి పర్డ్యూలో. ఒకే ప్రోగ్రామ్, కాగితాలు మాత్రం దేశమంతా. ఎవరు ఎక్కడ చదివారో, ఎవరు ముందు అడిగారో దాన్ని బట్టి అలా చేరాయి, అందుకే అడిగేవాళ్ళు లేని మామూలు ఇంజనీర్ల కాగితాలు ఎక్కడికీ చేరట్లేదు.

శాటర్న్ బ్లూప్రింట్లు పోయాయట కదా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. పోలేదు. మార్షల్‌లో మైక్రోఫిల్మ్ మీద ఉన్నాయి, జార్జియాలోని ఫెడరల్ ఆర్కైవ్స్‌లో శాటర్న్ డాక్యుమెంట్లు 2,900 క్యూబిక్ అడుగులు ఉన్నాయని నాసావాళ్ళే చెప్పారు. అయితే అసలు సంగతి వేరే. మార్షల్‌లో కుర్ర ఇంజనీర్లు శాటర్న్ ఫైవ్ మొదటి దశలో వాడిన పాత ఎఫ్-1 ఇంజిన్ ఒకటి విప్పి, స్కాన్ చేసి, 2013 జనవరిలో దాని గ్యాస్ జెనరేటర్‌ని (ఇంధనం పంపుల్ని తిప్పే భాగం) మళ్ళీ మండించారు. డ్రాయింగులు చేతిలో ఉన్నా ఇంజిన్ విప్పాల్సి వచ్చింది ఎందుకంటే ఆ రోజుల్లో వెల్డర్లు, ఫిట్టర్లు చేత్తో చేసిన చిన్న చిన్న సర్దుబాట్లు డ్రాయింగ్‌లోకి ఎక్కలేదు. అమ్మమ్మ ఆవకాయ కొలతలు రాసి ఉన్నా చెయ్యి తెలియకపోతే ఆ రుచి రానట్టే. ఆ సర్దుబాట్లు ఎక్కడైనా ఉంటే ఎవరి జేబు నోట్‌బుక్‌లోనో ఉంటాయి, మేం వెతుకుతున్నది దాన్నే.

ఇంకో బాధ కలిగించే ఉదాహరణ కూడా చెప్పుకున్నాం. అపోలో 11 నుంచి నేరుగా వచ్చిన ఒరిజినల్ వీడియో సిగ్నల్ రికార్డ్ చేసిన టేపులు, 45 టేపులు, తర్వాతి ఏళ్ళలో టేపుల కొరత వచ్చి చెరిపేసి మళ్ళీ వాడేసి ఉంటారని 2009లో నాసానే తేల్చింది. కావాలని ఎవరూ చెయ్యలేదు, దాచమని ఎవరూ చెప్పలేదు, అంతే.

ఒక విషయం మీద కమిటీలో గట్టి చర్చ జరిగింది, అది కూడా రికార్డ్‌లో ఉండాలి. ఈ రాకెట్ల కథ కాగితాలతోనే మొదలైంది, 1945 ఏప్రిల్‌లో వాన్ బ్రౌన్ మనుషులు నాజీ జర్మనీ యుద్ధంలో వాడిన వీ-2 రాకెట్ల డాక్యుమెంట్లు 14 టన్నులు, జర్మనీలోని హార్జ్ కొండల్లో డోర్న్‌టెన్ దగ్గర గనిలో దాచారు, అమెరికన్లు వాటిని వెతికి పట్టుకెళ్ళారు. కానీ అదే వీ-2లు తయారుచేసిన మిట్టెల్‌వెర్క్ అనే భూగర్భ ఫ్యాక్టరీలో ఖైదీలతో పని చేయించారు, ఆ ఖైదీల్ని ఉంచిన డోరా నిర్బంధ క్యాంపుల్లో దాదాపు 20,000 మంది చనిపోయారు. శాటర్న్ ఫైవ్ ప్రోగ్రామ్ మేనేజర్‌గా చేసిన ఆర్థర్ రుడాల్ఫ్ మీద ఈ విషయంలోనే దర్యాప్తు జరిగి 1984లో దేశం వదిలి వెళ్ళిపోయారు. పిల్లలకి చెప్పేటప్పుడు ఇదంతా ఎందుకని ఒకరిద్దరు అన్నారు. నా అభిప్రాయం, కమిటీలో ఎక్కువమంది అభిప్రాయం కూడా, చెప్పాలి. మనకి నచ్చిన కాగితాలే ఉంచి మిగతావి తీసేస్తే అది ఆర్కైవ్ కాదు, సన్మానపత్రం.

వేసవిలో ఒక సభ్యుడి నాన్నగారు సూళ్ళూరుపేట నుంచి వచ్చారు, ఆయన శ్రీహరికోటలో పనిచేసి రిటైర్ అయ్యారు. సాయంత్రం రెండు గంటలు అనుకున్నది రాత్రి భోజనాల దాకా సాగింది. 1979 ఆగస్టు 10న ఇండియా ఉపగ్రహ రాకెట్ ఎస్ఎల్‌వీ-3 మొదటిసారి సముద్రంలో పడిపోయిన సంగతి, రెండో దశ కంట్రోల్ సిస్టమ్‌లో ఒక వాల్వ్ మూసుకోక ఆక్సిడైజర్ (ఇంధనం మండటానికి కావాల్సిన రసాయనం) కారిపోవడం, 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్ళడం, ఆ మధ్యలో జనం ఎలా పనిచేసారో అన్నీ చెప్పారు. ఆయన అనుమతితో మొత్తం రికార్డ్ చేశాం, తెలుగులోనే. కౌంట్‌డౌన్, వాల్వ్, స్టేజ్ అన్నీ కలిపి నెల్లూరు యాసలో రాకెట్ గురించి ఒక పెద్దాయన మాట్లాడటం వింటే ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. మొదట అడిగిన ప్రశ్నకి నా జవాబు అదే, తెలుగు ఇంజనీర్లు చేసిన పని తెలుగులో మనం అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు.

ఇప్పుడు పని సంగతులు. ఇంట్లో కాగితాలు ఉన్నవాళ్ళు దయచేసి మీరే సర్దేయకండి, ఏ వరసలో ఉంటే ఆ వరసలోనే ఉంచండి, ఆ వరస కూడా సమాచారమేనని ఆర్కైవిస్టులు మళ్ళీ మళ్ళీ చెప్పారు. తుప్పుపట్టిన స్టేపుల్స్, రబ్బరు బ్యాండ్లు తీసేయండి, లామినేషన్ వద్దు, గరాజ్‌లో, అటక మీద వద్దు, ఎండాకాలం ఇక్కడి తేమకి పాడైపోతాయి. పాత ఫాక్స్ కాగితాలు వెలిసిపోతాయి కాబట్టి ముందు వాటినే కాపీ తీయండి. ఫొటోల వెనక ఎవరెవరో పెన్సిల్‌తో రాయండి, ఆ పని పెద్దవాళ్ళు మన మధ్య ఉండగానే అవ్వాలి. ముఖ్యమైనది, ఆఫీసు ఫైళ్ళు ప్రభుత్వానివి, మీవి కావు, ఎక్స్‌పోర్ట్ కంట్రోల్ (విదేశీయుల చేతికి వెళ్ళకుండా పెట్టిన చట్టం) కిందకి వచ్చే డ్రాయింగులు, డేటా మన చేతికి అస్సలు ఇవ్వొద్దు, అనుమానం ఉంటే మీ ఆఫీసులో రివ్యూ అయ్యాకే ముందుకి వెళ్దాం. మన కమిటీ ఏ కాగితమూ దగ్గర పెట్టుకోదు, ఇచ్చేవాళ్ళకి, ఆర్కైవ్‌కి మధ్య మాట కలపడం, దానపత్రం రాసేటప్పుడు పక్కన కూర్చోవడం, అంతవరకే.

వచ్చే ఏడాదికి రెండు పనులు అనుకున్నాం. రిటైర్ అయిన మన పెద్దల ఇంటర్వ్యూలు కొనసాగించడం, వాటిని విని తెలుగులో టైప్ చేయడం. రెండోదానికి చేతులు తక్కువగా ఉన్నాయి, టైపింగ్ వచ్చిన కాలేజీ పిల్లలు ఎవరైనా ఉంటే ఉగాది ఫంక్షన్‌లో రిజిస్ట్రేషన్ టేబుల్ పక్కనే కాగితాల కమిటీ టేబుల్ ఉంటుంది, వచ్చి పేరు రాయించుకోండి. స్కానర్ ఒకటి కొనాలన్న ప్రతిపాదన కూడా ఆ రోజు జనరల్ బాడీ ముందుకి వస్తుంది.