సెట్ అనే చిన్న మాట

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన అనువాదం చదివాను. వైద్యుడు విరిగిన ఎముకను 'సెట్' చేశాడన్న చోట 'ఎముకను పెట్టాడు' అని రాశావు. నిఘంటువులో ముందుగా కనిపించే అర్థం అదే కనుక అలా రాయడం సహజమే. కానీ అక్కడ జరిగిన పని వేరు: పక్కకు తొలగిన రెండు ముక్కలను మెల్లగా లాగి, విరిగిన అంచులు మళ్లీ ఒకదానికొకటి సరిపడేలా చేర్చి, కదలకుండా కట్టు కట్టడం. 'ఎముకను సరిచేసి కట్టు కట్టాడు' అని మార్చు.

1989లో 20 సంపుటాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికన్నా పొడవైన వివరణ ఈ క్రియదే. దానికి సుమారు 60,000 మాటలు పట్టాయి. అర్థాలే 430 దాకా ఉన్నాయి. వాటిని బట్టీ పట్టడం ఎవరి వల్లా కాదు. మనకు దిగుకు దించు, నిలుచుకు నిలుపు ఉన్నట్టే, పాత ఇంగ్లీషు నాటి నుంచీ 'సిట్'కు ప్రేరణార్థకంగా ఉన్న క్రియ ఇది. దేన్నైనా దాని చోట కుదురుగా కూర్చోబెట్టడమన్న ఆ మూలభావం పట్టుకుంటే, ఉంగరంలో రాయి పొదగడానికీ, అచ్చుకు అక్షరాలు కూర్చడానికీ, అలారం పెట్టడానికీ ఇంగ్లీషులో ఒకే మాట ఎందుకు సరిపోయిందో తెలుస్తుంది. తడి సిమెంటు 'సెట్' అయిందన్నా, కదలిక మాని ఉన్నచోటే గట్టిపడిందనే. తెలుగులో మాత్రం రాయికి పొదగడం, అక్షరానికి కూర్చడం, సూర్యుడికి కుంగడం వేరువేరుగా ఉన్నాయి కనుక, క్రియను కాక దాని పక్కనున్న నామాన్ని చూసి మాట ఎంచుకోవాలి. మన 'పెట్టు' కూడా తక్కువది కాదు: పేరు పెట్టడం, తాళం పెట్టడం, పరుగు పెట్టడం, కన్నీరు పెట్టడం ఒకటేనా?

గుంపు, జత అనే అర్థమున్న నామవాచకం మాత్రం వేరే దారిన, లాటిన్ 'సెక్టా' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. లెక్కల్లో నువ్వు చదివే సమితి అదే.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది 'సెట్ అసైడ్'. అనువాదం పనిలో చేరిన కొత్తలో, పైకోర్టు కింది కోర్టు తీర్పును 'సెట్ అసైడ్' చేసిందన్న వాక్యాన్ని 'పక్కన పెట్టింది' అని రాశాను. చదివినవాళ్లు విచారణ వాయిదా పడిందనుకున్నారు. నిజానికి ఆ తీర్పు రద్దయింది. డబ్బు విషయంలో అదే మాటకు అవసరానికి దాచి ఉంచడమని అర్థం. ఒకచోట కొట్టివేయడం, ఇంకోచోట భద్రపరచడం! ఆ పొరపాటు ఇప్పటికీ గుర్తొస్తుంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

నీ పాఠం చివరి పేరాలో ఆ మాటే ఉంది. అక్కడున్నది డబ్బో తీర్పో చూసి, ఆ వాక్యం మళ్లీ రాసి పంపు.

ప్రేమతో,
నాన్న